చట్రం మింగిన ఎర్ర పట్టీ

గురువారం పొద్దున్న ఎనిమిదిన్నరకి చంద్రకళ కంప్యూటర్ ముందు కూర్చుని లెక్క చూసింది. తెల్లవారినప్పటి నుంచి 'ఏనుగెక్కడ' సైటు తెరిచినవాళ్ళు నాలుగు వేల పైచిలుకు. వాళ్ళలో ప్రకటనలు కనబడినవాళ్ళు ముప్పై ఎనిమిది మంది.

"బావా, ఇటోసారి చూడు."

భర్త సత్యంనాయుడు నోట్లో బ్రష్షుతోనే వచ్చి తెర మీదికి వంగాడు.

"రెండు సున్నాలు ఎగిరిపోయినట్టున్నాయే."

"ఎగిరిపోవడానికి అవేమైనా పిచ్చుకలా? సరిగ్గా చూడు."

అతను నోరు కడుక్కుని వచ్చి, పక్క కంప్యూటర్లో సైటు చిరునామా అక్షరం అక్షరం కొట్టి తెరిచాడు. పేజీ వచ్చింది. పైన కుక్కర్ల ప్రకటన, పక్కన మొక్కజొన్న విత్తనాలు, కింద టార్పాలిన్ పట్టాలు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మనకి బాగానే కనబడుతున్నాయి చంద్రా. లెక్కపెట్టే మిషనుకి జబ్బు చేసింది. మధ్యాహ్నానికి అదే సర్దుకుంటుంది."

మూడేళ్ళుగా చంద్రకళకి మూడు గంటలకి మించిన నిద్ర లేదు. ఏదైనా అదే సర్దుకుంటుందని ఎవరైనా అంటే నమ్మేద్దామనే ఉంటుంది.

పార్వతీపురం శివార్లలో, మూతబడ్డ రైసుమిల్లు వెనక రెండు గదులు వాళ్ళవి. ఒకటి ఇల్లు. రెండోదాన్ని బ్యాటరీలు, వైర్లు, బురద ఆరని ఇనుప కడ్డీలు ఆక్రమించుకున్నాయి. పేరుకి అది ప్రయోగశాల.

తొమ్మిదికి గవరయ్య వచ్చాడు. భుజం మీద ఆరడుగుల కడ్డీ, చేతిలో అన్నం క్యారేజీ. తుమ్మలవలసలో రెండెకరాల రైతు అతను. కొండ చుట్టూ పాతిన నలభై ఆరు కడ్డీలకీ కాపలాదారు, వైద్యుడు, బంధువు అతనే. భార్య నర్సమ్మ వెక్కిరింపు ఒకటుంది: "నన్ను తాళి కట్టి తెచ్చినాడు, ఆటిని బుజాన మోసి తెచ్చినాడు. ఏటి ముద్దో మీరే సెప్పండి."

"పదిహేడో సెవికి సెముడొచ్చింది చంద్రమ్మా. బేటరీ మార్చాల" అంటూ కడ్డీ దించాడు. "రేతిరి పెద్దమ్మ ఏటంది?"

చంద్రకళ ఒక మీట నొక్కింది. రాత్రి నేలలో పట్టిన ధ్వనిని పదింతల వేగంతో తిప్పితే తప్ప మనిషి చెవికి అందదు. గదిలో, దూరంగా ఎవరో బరువైన బీరువా ఈడుస్తున్నట్టు ఒక మూలుగు నిండింది.

"పిల్లదాన్ని కసురుకుంటోంది మావా. కదిలే మాట కాదు. వెదురుపొదల్లోనే ఉన్నాయి."

ఒడిశా కొండల మీదుగా దిగి వచ్చిన మందకి నాయకురాలు ఒక ముసలి ఆడ ఏనుగు. ఊళ్ళవాళ్ళు దాన్ని పెద్దమ్మ అంటారు. ఏనుగులు అరికాళ్ళతో నేలలోంచి వింటాయి. భూకంపాల మీద పరిశోధన సగంలో వదిలేసి వచ్చిన చంద్రకళ, ఆ వినికిడిని ఇనుప కడ్డీలకి నేర్పింది. ఏళ్ళ తరబడి విన్నాక యంత్రం ఒక సంగతి పట్టుకుంది. మందని కదిలించడానికి గంటన్నర ముందు పెద్దమ్మ ఒకే రకం మూలుగు మూడుసార్లు మూలుగుతుంది. ఎటు వెళ్ళదలచుకుందో అటు మొహం తిప్పి మరీ మూలుగుతుంది. దాని గొంతు ఏ కడ్డీలో ముందు పలికిందో చూస్తే, ఏ ఊరి మీదికి రాబోతోందో తెలిసిపోతుంది.

అంతకుముందు ఒక్క ఏడాదిలో ఆ కొండ కింద ఏడుగురు పోయారు. ఈ రెండేళ్ళలో ఒక్కరూ పోలేదు.

"అన్నట్టు సూడమ్మా, మన సైటు ఎంత సోకుగా వస్తందో." గవరయ్య ఫోను తీసి నోటి దగ్గర పెట్టుకుని, "ఏనుగెక్కడ" అన్నాడు. అతను ఎన్నడూ చిరునామా కొట్టి ఎరగడు. ఆ కొండ కింద ఎవరూ కొట్టరు. అందరూ 'జాడ'ని అడుగుతారు. జాడ అంటే దేశమంతా వాడే వెతుకుడు యంత్రం.

కనురెప్ప పాటులో పేజీ వచ్చేసింది. మునుపు ఒక గీత సిగ్నల్లో అదే పేజీ రావడానికి బీడీ కాల్చేంత సేపు పట్టేది. కొత్తగా పేజీ చుట్టూ సన్నటి నీలం అంచు ఉంది, పైన జాడవాళ్ళ గుర్తు ఉంది.

"ఆ కుక్కర్ల గోల నేదు, పట్టాల గోల నేదు. పేజీ కడిగిన పళ్ళెంలాగ నేదూ?"

ప్రకటనలు ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ. చంద్రకళ ఆ ఖాళీ వంకే చూసింది.

"బావా! మిషను జబ్బు కాదు. జాడవాళ్ళు మన పేజీని వాళ్ళ పెట్టెలో పెట్టి చూపిస్తున్నారు. ఇందులో ప్రకటనలు బతకడంలేదు."

సత్యంనాయుడి మొహం వాడిపోయింది. సాయం కోసం అటవీ శాఖకి పెట్టుకున్న దరఖాస్తు ఫైళ్ళలో ఉంది. బ్యాటరీలు, గవరయ్య జీతం, ఈ రెండు గదుల అద్దె, అన్నీ ఆ కుక్కర్ల మీదే నడుస్తున్నాయి.

"అయితే మన పొయ్యి మీద కుక్కరు దిగినట్టే" అన్నాడు. గవరయ్య ఒక్కడే నవ్వాడు.

*

జాడ కంపెనీలో మనిషి గొంతు దొరకడానికి శుక్రవారం మధ్యాహ్నం అయింది. పేరు ప్రణవ్ అని చెప్పాడు. చాలా మర్యాదస్తుడు.

"అది మా కొత్త సదుపాయం మేడమ్. దాని పేరు చట్రం. సిగ్నల్ తక్కువున్న చోట కూడా పేజీ తక్షణం రావాలని తయారుచేశాం. మీ పేజీకి ముందే ఒక నకలు తీసి దగ్గర పెట్టుకుంటుంది. చదివే మనిషి కళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో చూసి, ఆలస్యం చేసేవాటిని పక్కన పెడుతుంది. మీ పాఠకులు చాలా సంతోషంగా ఉన్నారు."

"మా ప్రకటనలు చచ్చిపోయాయి బాబూ."

"కొన్ని ప్రకటనలు చట్రంలో తెరుచుకోవడంలేదని మా దృష్టికి వచ్చింది. మూడు పనిదినాల్లో చూస్తాం."

"శని, ఆదివారాలు పనిదినాలేనా?"

"కాదండీ" అన్నాడు ప్రణవ్, నిజంగానే బాధపడుతున్నట్టు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట సైటు మొదలైన కొత్తలో వాళ్ళకొక చిక్కు వచ్చింది. చవగ్గా దొరికిన సర్వరు పేజీని దాచిపెట్టుకుని అరగంట పాత నకలే చూపించేది. పెద్దమ్మ బయలుదేరిన వార్త అరగంట ఆలస్యంగా తెలిస్తే ఎవరికి లాభం? బుర్ర బద్దలుకొట్టుకుంటున్న రోజుల్లో సత్యంనాయుడు ఒకటి కనిపెట్టాడు. పేజీ పాతదైనా ప్రకటన మాత్రం ప్రతిసారీ తాజాగా వస్తుంది. కుక్కరు ధర పొద్దున్న మారితే పొద్దున్నే మారిపోతుంది.

"వార్తని ప్రకటనగా వేసేద్దాం చంద్రా. అమ్మేవాళ్ళ తొందర మనకి కలిసొస్తుంది."

అలా ప్రకటనల జాబితాలో 'పెద్దమ్మ' అనే పేరుతో ఒక ఖాతాదారు చేరింది. పైసా కట్టని ఖాతాదారు. యంత్రం ఆ మూలుగు వినగానే, కుక్కర్లని పక్కకి నెట్టి పేజీ నెత్తిన ఎర్ర పట్టీ పడుతుంది: 'పెద్దమ్మ బయలుదేరింది. తుమ్మలవలస వైపు.' ఊళ్ళవాళ్ళు పేజీలో మిగతాది చదవడమే మానేశారు. పట్టీ ఉందా, లేదా? లేకపోతే పొలానికి పద.

ప్రకటనలు చట్రంలో చచ్చిపోయాయని భార్యాభర్తలిద్దరికీ తెలుసు. ఎర్ర పట్టీ కూడా ప్రకటనేనని ఇద్దరికీ తెలుసు. గురువారం, శుక్రవారం, శనివారం, మూడు రోజులూ ఈ రెండు తెలివిడులూ ఆ రెండు గదుల్లో పక్కపక్కనే తిరిగాయి కానీ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. సత్యంనాయుడు ప్రకటనల నివేదికని రాబడి ఉన్నవాటి వరకే వడకట్టి చూస్తాడు. సున్నా రాబడి ఉన్న పెద్దమ్మ ఆ వడపోతలో ఎప్పుడూ పైకి తేలదు. చంద్రకళ జాడవాళ్ళకి ఉత్తరం మీద ఉత్తరం రాసింది. ఆరో ఉత్తరంలో కూడా ఉన్నది కుక్కర్ల గొడవే.

ఆ మూడు రోజులూ మంద వెదురుపొదల్లోంచి కదల్లేదు. కదిలి ఉంటే, పట్టీ కనబడలేదని ఎవరో ఒకరు అరిచేవాళ్ళు.

*

ఆదివారం తెల్లవారుజామున అయిదూ పదికి యంత్రం గంట మోగింది. చంద్రకళ లేచి తెర చూసింది. మూడు మూలుగులు. పదిహేడో కడ్డీలో ముందు, పద్దెనిమిదిలో తర్వాత. తుమ్మలవలస వైపే. ఎర్ర పట్టీ దానంతటదే వెళ్ళిపోయింది, పక్కన పచ్చటి టిక్కు పడింది.

"కదిలాయా?" అన్నాడు సత్యంనాయుడు దుప్పట్లోంచి.

"ఆరూ నలభైకి దిగుతాయి. పట్టీ వెళ్ళింది, పడుకో."

తను పడుకోలేదు. స్టవ్వు మీద పాలు పెట్టింది. ఇక్కణ్ణుంచి జరిగేదంతా ఆమెకి కంఠస్థం. పావుగంటలో తుమ్మలవలసలో డప్పు కొడతారు. పశువుల్ని విప్పి రోడ్డెక్కిస్తారు. జనమంతా స్కూలు శ్లాబు మీదికి ఎక్కుతారు. అప్పుడు నర్సమ్మ ఫోను చేస్తుంది. "ఎక్కినామమ్మా. మా ఆయనకి సెప్పు, కడ్డీల కాడ ఊగులాడకుండా రమ్మని. పెళ్ళాం సెప్తే ఇనడు, నువ్వు సెప్తే ఇంటాడు." ఆ ఫోను వచ్చాకే చంద్రకళ టీ తాగుతుంది.

పాలు పొంగాయి. టీ అయింది. చల్లారింది.

ఆరూ పదికి ఆమె ఫోను ఎత్తి సిగ్నల్ ఉందా అని చూసింది. ఉంది. ఎవరూ చెయ్యలేదు. కొండ కింద అయిదు ఊళ్ళలో ఒక్కరూ చెయ్యలేదు.

కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, రెండేళ్ళలో ఎన్నడూ చూడని ఒక అంకె చూసింది. ఎర్ర పట్టీ ఎంతమందికి కనబడింది? మామూలుగా అది రెండు వేలు ఉండాలి.

పదకొండు.

ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దానికి సత్యంనాయుడు దుప్పటి తన్నేసి లేచాడు.

"బావా, పట్టీ కూడా ప్రకటనే."

అతనికి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. మూడో క్షణంలో బైకు తాళం అతని చేతిలో ఉంది.

తుమ్మలవలస పదహారు కిలోమీటర్లు. వెనక కూర్చుని ఆమె ఫోన్లు చేసింది. సర్పంచి ఎత్తలేదు. కిరాణా కొట్టు పోలినాయుడు ఎత్తాడు. "నేదమ్మా, పట్టీ ఏటీ నేదు. ఇప్పుడే సూసినాను" అని వాదించాడు. "డప్పు కొట్టు బాబూ, నీకు దణ్ణం పెడతాను" అంటే అప్పుడు పరిగెత్తాడు. గవరయ్య మూడోసారికి ఎత్తాడు.

"మావా, ఎక్కడున్నావు?"

"పదిహేడో సెవి కాడ. ఏటమ్మా, రొప్పుతున్నావు?"

"పెద్దమ్మ నీ వైపే వస్తోంది. అత్త ఎక్కడుంది?"

"జొన్న కండెలిరవడానికెల్లింది. ఎనిమిదిమంది ఆడోళ్ళు. పట్టీ నేదు కదమ్మా? దానికదే సూసి సెప్పింది నాకు."

"ఫోను దగ్గరుందా అత్తకి?"

"ఇంట్లో ఛార్జింగు పెట్టీసి ఎల్లింది."

ఫోను తెగలేదు. కడ్డీ కింద పడిన చప్పుడు, తర్వాత యాభై ఏళ్ళ మనిషి దుక్కిలో పరిగెత్తే చప్పుడు, ఆ తర్వాత "ఓలె నర్సీ! నర్సీ!" అనే కేక. చంద్రకళ ఫోను చెవికి ఆనించుకునే ఉంది. సత్యంనాయుడు గుంతలు చూడకుండా నడిపాడు.

వాళ్ళు చేరేసరికి ఆరూ యాభై అయిదు. స్కూలు శ్లాబు మీద ఊరు ఊరంతా ఉంది. డప్పు ఇంకా మోగుతూనే ఉంది. కొట్టేవాడికి ఎప్పుడు ఆపాలో తెలియడంలేదు. మొక్కజొన్న చేలో రోడ్డంత వెడల్పున ఒక దారి పడి ఉంది. ఏడుగురు ఆడవాళ్ళు కాలవగట్టు అవతల ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు.

నర్సమ్మ చివరి వరసలో ఉంది. మిగతావాళ్ళని ముందు పరిగెత్తించి, బరువు వదలకుండా కండెల గంప నెత్తిన పెట్టుకునే వెనక పరిగెత్తిందని వాళ్ళు చెప్పారు. గవరయ్య ఆమె పక్కన నేల మీద కూర్చుని, చీర మీద పడిన ఆకులు ఒక్కొక్కటే తీస్తున్నాడు. ఆమె మీద టార్పాలిన్ పట్టా కప్పడానికి ఎవరో వస్తే వద్దని చెయ్యి ఊపాడు.

ఆ ఏడుగురిలో ఒకామె చంద్రకళని చూసి లేచి వచ్చింది. కోపంగా కాదు, తెలుసుకుందామని అడిగింది.

"అయిదున్నరకి నర్సమ్మ ఫోను సూసినాది. 'నిద్రలోనే ఉన్నాయే, రండే' అనంది. నిద్రలో ఉన్నాయని మీరే రాసినారు గదమ్మా?"

అది రాత్రి పదకొండుకి రాసిన మాట. చట్రం తీసి దాచుకున్న నకలు అప్పటిదే.

*

సోమవారం అన్ని పేపర్లలోనూ వచ్చింది. అటవీ శాఖవాళ్ళు వచ్చారు, పెద్దలు వచ్చారు, అందరూ తలా ఒకరిని తప్పుపట్టారు. ప్రణవ్ తనంతట తనే ఫోను చేశాడు. ఈసారి గొంతులో మర్యాద తక్కువగా ఉంది, మనిషి ఎక్కువగా ఉన్నాడు.

"మేడమ్, నాకు రాత్రంతా నిద్రలేదు. పేజీలో మేము అక్షరం కూడా మార్చలేదు. ప్రకటన పెట్టెలో అంత ముఖ్యమైనది ఉంటుందని మా చట్రానికి... మాకు తెలియదు."

"మాకు తెలుసు బాబూ. మేమే పెట్టాం అందులో."

అతను ఒక దారి చెప్పాడు. కడ్డీలు వినేదాన్ని నేరుగా జాడకి ఇచ్చేస్తే, హెచ్చరికని చట్రం నుదుటనే వేస్తారు. ఎవరూ తుడవలేరు. పరీక్షలు, అనుమతులు అయ్యేసరికి పదిహేను పనిదినాలు పడుతుంది. కాకపోతే ఆ తర్వాత 'ఏనుగెక్కడ' తెరవాల్సిన పని ఎవరికీ ఉండదు.

చంద్రకళ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి భర్త వైపు తిరిగింది. "ఇచ్చేద్దామా?"

"సైటు పోతుంది చంద్రా. కడ్డీల దగ్గర్నుంచి అయిదేళ్ళ పని."

"ఇచ్చేద్దాం బావా. ఓపిక లేదు."

అతను తలూపాడు. వాదించడానికి అతనికీ ఓపిక లేదు.

మరి ఈ పదిహేను పనిదినాలు? సత్యంనాయుడు ఆదివారం సాయంత్రమే హెచ్చరికని పేజీ లోపలికి మార్చాడు. చట్రం ఎనిమిది గంటలకోసారి నకలు తీసుకుంటుంది కాబట్టి ఫలితం లేదు. చిరునామా కొట్టి తెరవమని కరపత్రాలు పంచాడు. చిరునామా కొట్టినా కొన్ని ఫోన్లు తిన్నగా జాడలోకే తీసుకుపోయాయి. వాట్సాప్ గుంపు పెట్టాడు. చేలో ఉన్నవాళ్ళు దాన్ని చూసేది మధ్యాహ్నం అన్నం దగ్గర. ఒకేసారి అందరికీ మెసేజీ కొట్టాలంటే దాని అనుమతికి నెల.

మిగిలింది ఒక్కటే. మోగే ఫోను. ఊరూరా తిరిగి ఇంటికొక నంబరు రాసుకొచ్చారు. అయిదు ఊళ్ళకి నాలుగు వందల ముప్పై. తుమ్మలవలస పాత జాబితా చంద్రకళ దగ్గరే ఉంది, రెండేళ్ళ కిందట గవరయ్య చెప్పగా రాసుకున్నది.

*

నర్సమ్మ పోయిన పన్నెండో రోజు భోజనాలయ్యాక ఆమె గవరయ్య ఇంటికి బయలుదేరింది.

"చెప్పి ఏం లాభం చంద్రా? తప్పు జాడదేనని ఊరంతా అనుకుంటోంది. అది అబద్ధం కూడా కాదు" అన్నాడు సత్యంనాయుడు.

"మూడు రోజులు మనం చూస్తూ కూర్చున్నామన్నది కూడా అబద్ధం కాదు."

"నేనూ రానా?"

"వద్దు బావా. ఇద్దరం వెళితే ఆయన మనల్ని ఓదార్చాల్సి వస్తుంది."

గవరయ్య అరుగు మీద కూర్చుని కండెలు ఒలుస్తున్నాడు. తొక్కుడులో మిగిలిన కండెలు. కూర్చోమని సైగ చేశాడు. ఆమె నిలబడే చెప్పింది. పట్టీ ప్రకటన పెట్టెలో ఉన్న సంగతి, గురువారం పొద్దున్న నుంచి ఆ పెట్టెలు పనిచెయ్యడంలేదని తమకి తెలిసిన సంగతి, తాము జాడవాళ్ళకి ఆరు ఉత్తరాలు రాసిన సంగతి, ఆ ఆరింటిలోనూ ఏం రాశారో ఆ సంగతి. ఏదీ తగ్గించలేదు.

అతను గింజలు రాలుస్తూనే విన్నాడు.

"మూడు రోజులా?"

"మూడు రోజులు."

"గురువారం పొద్దున్న నాను మీ కాడికొచ్చి ఫోను సూపించినాను గదా."

"చూపించావు మావా."

"కడిగిన పళ్ళెం అన్నాను."

ఆమె తల ఊపింది.

"నానూ సూసినాను ఆ కాలీ. రెండేళ్ళు అక్కడే పట్టీ సూసినోణ్ణి. నాకూ తట్టనేదు." అతను ఖాళీ కండెని పక్కకి విసిరాడు. ఇంకొకటి తీసుకున్నాడు. తర్వాత అన్నాడు: "మా నర్సికి తట్టుండేదమ్మా. దానికి ఫోనులో ఆ పెట్టెలు, ఈ పెట్టెలు సెప్పినోడు నేడు. నానే సెప్పనేదు. ఆడదానికెందుకనీసి ఊరుకున్నాను."

లేచి లోపలికి వెళ్ళాడు. తలుపు వెయ్యలేదు, మళ్ళీ రాలేదు. గంటసేపు నిలబడి ఆమె వచ్చేసింది.

మర్నాటి నుంచి గవరయ్య పనిలోకి రాలేదు. బ్యాటరీలు సత్యంనాయుడే మార్చుకున్నాడు. కొండ మీద రెండుసార్లు దారి తప్పాడు.

*

పద్దెనిమిదో రోజు పొద్దున్న ఆరున్నరకి గంట మోగింది. మూడు మూలుగులు. పదిహేడు ముందు, తర్వాత పదహారు.

"తుమ్మలవలస, ఎర్రగెడ్డ" అంది చంద్రకళ. "నువ్వు ఎర్రగెడ్డ తీసుకో."

ఇద్దరూ చెరో గోడకి ఆనుకుని కూర్చున్నారు. ముందు ఉంది గంటన్నర. తుమ్మలవలస జాబితాలో నూట పన్నెండు నంబర్లు.

"హలో, చంద్రకళని. పెద్దమ్మ బయలుదేరింది. మీ తూర్పు చేల మీదుగా. ఎనిమిదికల్లా వస్తుంది."

కొందరు ఒక్క మాటకే పెట్టేశారు. కొందరు "ఫోనులో ఏటీ నేదే?" అన్నారు. వాళ్ళకి రెండోసారి చెప్పాలి. ఒక ముసలాయన ఆమె ఎవరో తెలుసుకోవడానికే రెండు నిమిషాలు తీసుకున్నాడు. ఒకామె ఏడ్చింది. ఒకామె తిట్టింది. తిట్టు పూర్తయ్యేదాకా విని, "ఎనిమిదికమ్మా, శ్లాబు ఎక్కు" అని పెట్టేసింది. నలభై నంబర్లకి గొంతు బొంగురుపోయింది. అవతలి గోడ దగ్గర సత్యంనాయుడు అదే వాక్యాన్ని అదే అలసటతో చెబుతున్నాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు చెప్పుకుంటున్నట్టుంది.

కళ్ళు అంకెల మీద తప్ప పేర్ల మీద ఆగడం మానేశాయి. అరవై ఏడో నంబరు కొట్టింది. నాలుగుసార్లు మోగాక అవతల ఎవరో ఎత్తారు.

"హలో, చంద్రకళని. పెద్దమ్మ..." అంటూ కాగితం మీద పేరు చూసింది. నర్సమ్మ.

జాబితా పాతది. ఎవరూ కొట్టెయ్యలేదు.

ఆమె క్షమించమనడానికి నోరు తెరిచింది. ఏ తప్పుకి క్షమించమనాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అవతల కోళ్ళ చప్పుడు వినబడుతోంది. మనిషి ఊపిరి వినబడుతోంది.

"ఎటేపు?" అన్నాడు గవరయ్య.

"తూర్పు... తూర్పు చేల మీదుగా మావా. ఎనిమిదికి."

"కాలవ ఇవతలా, అవతలా?"

"ఇవతల."

"ఎంతమందికి సెప్పినావు?"

"అరవై ఆరు మందికి. ఇంకా నలభై అయిదు ఉన్నాయి."

"ఏ ఈది దాకా వచ్చినావు?"

ఆమె కాగితం తడుముకుంది. "రామాలయం వీధి అయింది. మాలవీధి, కంసాలివీధి ఉన్నాయి."

"మాలఈది నాను సూసుకుంటాను, కేకేస్తే ఇనబడతాది." అరుగు దిగుతున్న చప్పుడు, చెప్పులు వేసుకుంటున్న చప్పుడు. "కంసాలోళ్ళు ఇంత పొద్దున్నే లెగరు. ఒక పాలి మోగించి ఒగ్గీకు, లెగిసేదాకా మోగించు."

"సరే మావా."

అతను పెట్టేస్తాడనుకుంది. పెట్టలేదు. నడుస్తూనే ఉన్నాడు.

"గొంతు పోయినట్టుంది, మంచినీళ్ళు తాగు" అన్నాడు. "తాగీసి, కొట్టు."